మామిడి కొత్తకు ముందు

ముందే ఒక మాట చెప్పుకుంటాను. నా రాతలో తప్పులుంటాయి. కింద పెట్టాల్సిన వత్తు పక్కకు జారిపోతుంది, దీర్ఘం ఇవ్వడం మరిచిపోతాను. ఒక్క పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది, ఈలోగా పొయ్యి మీద అన్నం మాడుతుంది. అక్షరాలు దిద్దింది నా జుట్టు సగం తెల్లబడ్డాక, మా గూడెం బడి అరుగు మీద. శ్రావణి టీచరు నా చెయ్యి పట్టుకుని దిద్దించింది, చిన్నపిల్లకు దిద్దించినట్టే. ఆమె వయసు నా కూతురి వయసు. ఓపిక పట్టి చదవండి. నేను రాయాలనుకున్నది చాలా చిన్నది, ఒక్క గంట. కానీ ఆ గంట నా లోపల ఇంకా పూర్తి కాలేదు. అందుకే రాస్తున్నాను.

ఆ గంట భద్రాచలంలో, సర్కారు దవాఖానాలో, కాన్పుల గది బయట గోడకు ఆనించిన ఇనుప బెంచీ మీద గడిచింది. బెంచీకి ఈ కొసన నేను, ఆ కొసన నా వియ్యపురాలు కన్నమ్మ, మధ్యలో ఇంకో ఇద్దరు కూర్చునేంత ఖాళీ. లోపల నా బిడ్డ శ్యామల. తొలి కాన్పు. తెల్లవారకముందే నొప్పులు మొదలైతే మంత్రసాని పొట్ట తడిమి చూసి బిడ్డ అడ్డంగా ఉందని చెప్పింది, మిర్చి బస్తాలు దించి తిరిగి పోతున్న జీపును ఆపి ఎక్కించుకొచ్చాం. డాక్టరమ్మ కోసి తీయాలంది, కోయాలంటే నెత్తురు కావాలంది. శ్యామల ఒంట్లో నెత్తురు తక్కువ, ఉన్నది కూడా అందరికీ ఉండే రకం కాదట. నా వేలు గుచ్చి చూశారు, కన్నమ్మ వేలు గుచ్చారు, అల్లుడు రాంబాబు వేలు గుచ్చారు, ఎవరిదీ కలవలేదు. నేను కన్న బిడ్డకు నా నెత్తురు పనికి రాదా అని అడిగితే నర్సమ్మ "ఒక్కొక్కసారి గట్లనే ఉంటదమ్మా" అని దూది నా వేలికి అద్ది వెళ్లిపోయింది. రాంబాబు పాల్వంచలో కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు కూలీ. తనతో కలిసి బూడిద ఎత్తే భద్రుది అదే రకం నెత్తురని అతనికి తెలుసు. ఎస్‌టీడీ బూతు నుంచి ఫోన్ చేశాడు. భద్రు షిఫ్టు దిగి బస్సెక్కాడని కబురొచ్చింది. ఆ బస్సు అడవి దారిన రావాలి, గోదావరి బ్రిడ్జి దాటాలి. అది వచ్చేలోగా లోపల ఏమీ కాకూడదు. రాంబాబు గేటు దగ్గర నిలబడ్డాడు. మేమిద్దరం బెంచీ మీద మిగిలాం.

ఇంట్లో మేం మాట్లాడుకునేది కోయ మాట, ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను. ఆ రోజు కన్నమ్మ కావాలనే తెలుగులో మాట్లాడింది, చుట్టూ ఉన్నవాళ్లకు కూడా వినబడాలని. "పుల్లగున్నదా వదినా?" అంది, నా వైపు చూడకుండా, ఎదురుగా ఉన్న కుళాయి వైపు చూస్తూ. "ఎట్లున్నది? ఉప్పు గిట్ట సరిపోయిందా? బిడ్డకు పెట్టుకున్నవు, సంబురపడ్డవు. ఇగ కూసో." కుళాయి దగ్గర బట్టలు పిండుతున్న ఆమె తల తిప్పి నన్ను చూసింది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను, నా నోట్లో ఇంకా ఆ పులుపు ఉన్నట్టు, అది అందరికీ కనబడుతున్నట్టు.

పుల్లగానే ఉంది, ఏం చెప్పను. మా గూడెంలో ఏ కొత్త కాయ అయినా, కొత్త గింజ అయినా ముందు అమ్మవారికి పెట్టాకే తినాలి. ఊరంతా ఒకేనాడు, ఒకేసారి నాలుక మీద వేసుకోవాలి. చిక్కుడుకాయకు చిక్కుడు కొత్త, మామిడికాయకు మామిడి కొత్త. పూజారి రోజు చెప్పేదాకా రాలిన కాయను కూడా కాలితో పక్కకు జరిపి పోతాం. ముందే తిన్న ఇంట్లో పాము కనబడుతుందంటారు, పులి ఆవును పట్టుకుపోతుందంటారు, కడుపుతో ఉన్నవాళ్లు తింటే బిడ్డ తిరగదంటారు. నేను పుట్టినప్పటి నుంచి వింటున్నాను, ఎన్నడూ తప్పలేదు. మొన్న సాయంత్రం గాలి వీచింది. ఇంటి పెంకుల మీద మామిడికాయ ఒకటి టక్కున పడి, దొర్లి, చూరు మీది నుంచి సరిగ్గా శ్యామల కాళ్ల దగ్గర పడింది. అది దాన్ని తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. "అమ్మా, వాసన జూడే" అంది. ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే వద్దనేదాన్ని. కాయను ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని నిలబడింది, అంతే. తొడిమ దగ్గర సొన దాని బొటనవేలి మీదికి కారుతోంది. నేను కత్తిపీట వాల్చాను. ఎందుకు వాల్చానో ఇప్పటికీ చెప్పలేను. ఉప్పు, కారం ఆకులో కలిపాను. పొయ్యి వెనక కూర్చుని ఇద్దరం తిన్నాం, దొంగల్లాగా. మొదటి ముక్కకు దాని ముఖమంతా ముడుచుకుంది, ఎడమ కన్ను ఒక్కటే మూసుకుంది, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. "తన్నుతుండే లోపల, వానికి గూడ తగిలింది పులుపు" అని నా చెయ్యి లాగి పొట్ట మీద పెట్టుకుంది. నిజంగానే తన్నాడు. గట్టిగా, ఇంకా కావాలన్నట్టు. తొక్కలు బూడిదలో కప్పాను గానీ టెంక కప్పడం మరిచిపోయాను. నిన్న కోడలిని చూడడానికి వచ్చిన కన్నమ్మ పొయ్యి దగ్గర నిప్పు కోసం వంగి దాన్ని చూసింది. టెంకను చీర అంచుతో పట్టుకుని తీసి దూరంగా విసిరేసింది. పొద్దున జీపులో, శ్యామల నా ఒళ్లో తల పెట్టుకుని అరుస్తుంటే, అప్పుడు అంది, కొత్తకు ముందే బిడ్డకు కాయ పెట్టినవని.

కాన్పుల గది తలుపు మీద పెద్ద అక్షరాలు రాసి ఉన్నాయి. ఎర్ర రంగు, ఒక పక్క పెచ్చు లేచిపోయింది. ఇంకేం చూడలేక వాటిని చూస్తున్నాను. మొదటిది ని. తర్వాతిది శ, దాని కింద ఇంకో శ వేలాడుతోంది. బరువుగా ఉంది, కూడబలుక్కుంటూ పోవాలి. తర్వాత బ, దాని కింద ద, పక్కన సున్న. నిశ్శబ్దం. చదివేశాను. పెదవులు కదపకుండా, లోపలే, ఎవరినీ అడగకుండా. ఛాతీలో ఏదో చిన్నగా వెలిగినట్టు అయింది. గాలికి ఎండుటాకు తిరగబడినట్టు, అంత చిన్నగా. శ్రావణి టీచరుకు చెప్పాలి, ఇంత కష్టమైన మాట ఒక్కదాన్నే చదివానని చెప్పాలి అనుకున్నాను. వెంటనే లోపల నుంచి శ్యామల మూలుగు వినబడింది. నా మీద నాకే అసహ్యం వేసింది. ఎట్లాంటి తల్లివే నువ్వు, బిడ్డ అక్కడ పడుకుని ఉంటే నీకు వత్తులు కనబడుతున్నాయా, సంబరం ఎక్కడి నుంచి వచ్చిందే నీకు. రమ్మని పిలవలేదు. దానంతట అదే వచ్చింది. ఎప్పుడూ అంతే, రాకూడని వేళ చూసుకుని వస్తుంది.

నా మొగుడు జంపయ్యను పూడ్చిన రోజు కూడా వచ్చింది. జ్వరం మెదడుకు ఎక్కి పోయాడు. మంచాన్ని కావడి కట్టి వాగు దాటిస్తుంటే వాగు మధ్యలోనే పోయాడు. మోస్తున్నవాళ్లు ఆ సంగతి నాకు ఒడ్డు చేరాక చెప్పారు. అడవిలో పూడ్చే పని ముగించుకుని ఇంటికొచ్చాక ఎవరో సొరబుర్రలో జొన్న అంబలి తెచ్చి నా చేతిలో పెట్టారు. పొద్దున్నుంచీ ఏడ్చి ఏడ్చి గొంతు ఎండిపోయింది. ఒక గుక్క తాగాను. చల్లగా ఉంది, పులిసి ఉంది, సొరబుర్ర వాసన అంటుకుని ఉంది. ఎంత బాగుందో. పుట్టాక అంత మంచి అంబలి తాగలేదనిపించింది. రెండో గుక్క తాగబోయి ఆగిపోయాను. చుట్టూ ఆడవాళ్లు ఏడుస్తున్నారు, నేనేమో అంబలి బాగుందనుకుంటున్నాను. బుర్ర కింద పెట్టేశాను. ఆ రెండో గుక్క ఇప్పటికీ బాకీ ఉన్నట్టే ఉంటుంది నా గొంతులో. జంపయ్య ఉండి ఉంటే తాగవే పిచ్చిదానా అనేవాడు. అతనికి సంతోషానికి వేళ ఉంటుందని తెలియదు. ఇప్పపూలు రాలే రోజుల్లో చీకటి విడకముందే మా చెట్టు కిందికి పోయేవాళ్లం. కింద ఆకు ఊడ్చి కాల్చి నల్లగా చేసిపెట్టిన నేల మీద తెల్లగా పూలు పడి ఉండేవి, ఇంకా పడుతూ ఉండేవి, టప్, టప్ అని, ఒత్తుగా, తేనె బరువుతో. నేను గబగబా ఏరుతుంటే అతను చెట్టు మొదట్లో కూర్చుని అరచెయ్యి చాపి ఉంచేవాడు. పువ్వు దానంతట అదే వచ్చి అరచేతిలో పడాలట. చెయ్యి జరపకూడదట, పైకి చూడకూడదట. "పనికిరానోడా, లే, పశువులొస్తయ్" అని నేను తిట్టేదాన్ని. "ఆగవే, ఇప్పుడు పడ్తది" అనేవాడు. ఎన్నేళ్లు చాపాడో. ఒకనాడు ముక్కు మీద పడింది, ఒకనాడు చెవి మీద పడింది, అరచేతిలో మాత్రం పడలేదు. పోనీ పడలేదని బాధపడ్డాడా అంటే అదీ లేదు. వట్టి చెయ్యిని మూసి, లోపల ఏదో ఉన్నట్టు నా గంపలోకి వంపేవాడు.

ఈపాటికి మా చెట్టు కింద పూలు ఎండకు వాడిపోయి ఉంటాయి. పొద్దున ఏరలేదు. పశువులు తింటాయి, జింకలు తింటాయి, తిననీ. ఎండ వరండా అంచు దాటి నా పాదాల దగ్గరికి వచ్చింది. కుళాయి చుక్క చుక్కగా కింద ఉన్న స్టీలు బిందెలో పడుతోంది. బిందె నిండుతున్న కొద్దీ చప్పుడు మారుతోంది, మొదట గరుకుగా ఉన్నది ఇప్పుడు మెత్తగా, పూలు రాలినట్టే. వినకూడదనుకున్నాను. చెవులు వింటూనే ఉన్నాయి. ఫినాయిల్ వాసన, ఎవరిదో పసిబిడ్డ ఏడుపు, అది మా గదిలో నుంచి కాదు, అవతలి గదిలో నుంచి. కన్నమ్మ కూడా ఆ ఏడుపుకు తల ఎత్తి, మాది కాదని తెలిసి దించుకుంది. ఇద్దరం ఒకేసారి ఎత్తాం, ఒకేసారి దించాం. ఆమె చేతి వేళ్లు చీర కొంగును మడుస్తున్నాయి, విప్పుతున్నాయి. గుచ్చిన వేలికి నెత్తురు చుక్క ఎండి నల్లబడింది. నా వేలికి కూడా. ఆమె చెడ్డ మనిషి కాదు. పెళ్లప్పుడు నా దగ్గర పెట్టుపోతలకు ఏమీ లేదని తెలిసి, ఊళ్లోవాళ్ల ముందు నా పరువు కాపాడింది, కోడి తనే తెచ్చి నేను తెచ్చానని చెప్పింది. ఇప్పుడు భయపడుతోంది. భయాన్ని ఎక్కడో ఒకచోట పెట్టాలి గదా, నా నెత్తిన పెట్టింది. నేను నాది ఎక్కడ పెట్టను.

నిజంగా మామిడికాయ వల్లనేనా. శ్రావణి టీచరు అయితే కాదంటుంది. ఆమె ఖమ్మంలో చదువుకుంది, నేలకొండపల్లి దగ్గర పుట్టింది, వాళ్ల ఊళ్లో పిందెల నాటి నుంచే పచ్చడి చేసుకుంటారట. వాళ్ల ఊళ్లో ఆడవాళ్లు కనడం లేదా, వాళ్ల బిడ్డలు తిరగడం లేదా. తెలుసు. తెలిసినా, ఆ తలుపు వెనక నుంచి మూలుగు వచ్చినప్పుడల్లా కత్తిపీట వాల్చిన చప్పుడు వినబడుతుంది. అమ్మా, నాది తప్పు, దాని కడుపు మీద కోపం తీర్చుకోకు, నా మీద తీర్చుకో, పామును పంపు, జ్వరాన్ని పంపు అని మొక్కుకున్నాను. మొక్కుకుంటూనే మళ్లీ ఆ పొయ్యి వెనక కూర్చున్నాను, అది ఒక కన్ను మూసి నవ్వింది, నా అరచేతికి లోపలి నుంచి ఆ దెబ్బ తగిలింది. దాన్ని తప్పు అని పేరు పెట్టి పారేద్దామంటే చెయ్యి రావడం లేదు. నా బతుకులో అంత మంచి సాయంత్రాలు ఎన్ని ఉన్నాయి గనుక. ఒకటి పారేస్తే ఏం మిగులుతుంది.

"బస్సొచ్చింది" అని రాంబాబు పరిగెత్తుకుంటూ వచ్చాడు. అతని వెనక నీలం చొక్కా మనిషి, బూట్ల మీద బూడిద, కనుబొమల మీద బూడిద, చంకలో సంచీ. భద్రు. మాకు దండం పెట్టాడు గానీ ఆగలేదు, "ఏ గది, ఏ గది" అంటూ నడుస్తూనే చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటున్నాడు. నర్సమ్మ అతన్ని లోపలికి తీసుకుపోయింది. తలుపులు కొట్టుకున్నాయి. చక్రాల బల్ల చప్పుడు. ఒక్కసారి తలుపు సందులో నుంచి శ్యామల పాదం కనబడింది, పసుపు రాసిన పాదం, మట్టెతో. మళ్లీ తలుపు మూసుకుంది. కన్నమ్మ లేచి నిలబడింది, నేను లేచి నిలబడ్డాను. ఎక్కడికీ పోయేది లేదని తెలిసి ఇద్దరం మళ్లీ కూర్చున్నాం. తెలియకుండానే మధ్యలో ఖాళీ తగ్గింది.

కొంచెంసేపటికి భద్రు మోచేతి మడతలో దూది పెట్టుకుని బయటికి వచ్చాడు. ముఖం తెల్లబడింది. నర్సమ్మ వెనక నుంచి "ఏమన్న తినయ్యా ముందు, కండ్లు తిరుగుతయ్" అని కేకేసింది. అతను మా మధ్య కూర్చుని సంచీలో నుంచి టిఫిన్ డబ్బా తీశాడు. "పొద్దుగాల సగం తిన్న, మిగిలింది తినకుండనే బస్సెక్కిన" అన్నాడు, మేమేదో తప్పు పడతామన్నట్టు. మూత తీశాడు. పప్పు వాసన, తాలింపు వాసన, వాటి వెనక నుంచి మామిడికాయ వాసన. పచ్చిగా, పొగరుగా వరండా అంతా నిండింది. కన్నమ్మ వీపు నిటారుగా అయింది. అతనికేం తెలుసు. లంబాడీ మనిషి, వాళ్ల తండాలో ఆ కట్టుబాటు లేదు. "మా ఇంటిది బాలి చేసింది, మామిడికాయ పప్పు. పుల్లగ చెయ్యమంటె చేసిద్ది, నోరు జివ్వుమంటది" అని చెప్పుకుంటూ కలుపుకుని తిన్నాడు. సగం తిని "మీరు గూడ తినున్రమ్మా, పొద్దున్నుంచి ఏం తిన్నట్టు లేరు" అని డబ్బా మా మధ్య పెట్టాడు. లేచి నిలబడితే తూలాడు. రాంబాబు వచ్చి భుజం పట్టుకుని టీ తాగిద్దామని గేటు వైపు తీసుకుపోయాడు. డబ్బా అక్కడే ఉండిపోయింది. పప్పులో రెండు మూడు మామిడి ముక్కలు పచ్చగా తేలుతున్నాయి.

కన్నమ్మ డబ్బాను చూసింది. తలుపును చూసింది. మళ్లీ డబ్బాను చూసింది. "వదినా" అంది. ఆ రోజు మొదటిసారి ఆ పిలుపులో ముల్లు లేదు. ఈసారి కోయలోనే అంది. "పొద్దుగాల గూడ గదే తిన్నడట గదా ఆ పిలగాడు."

"అవ్" అన్నాను.

"ఆని నెత్తురేనా ఇప్పుడు మన పిల్లకు ఎక్కిచ్చేది?"

"అవ్."

కన్నమ్మ నా వైపు తిరిగింది. "మరి గిదేంది? కాయ నువ్వు పెడితె తప్పయింది, డాక్టరమ్మ సూదితోటి పెడితె మందయిందా?"

ఆమె మూతి ఒక పక్కకు పోయింది. "నువ్వొక్క కాయ పెట్టినవ్. గాడు సీసా నిండ పోస్తుండు. మొత్తం తోపంత పాయె లోపలికి" అంది. అంతే, నా పొట్టలో నుంచి ఏదో తన్నుకొచ్చింది. ఏడుపే అనుకున్నాను, నవ్వు. కన్నమ్మకు కూడా. ఇద్దరం కొంగులు నోట్లో కుక్కుకున్నాం, భుజాలు ఊగుతున్నాయి, కళ్లలో నీళ్లు. బెంచీ కిర్రుమంటోంది. నర్సమ్మ తలుపు తీసి "ఏందమ్మా మీరు, తలుపు మీద రాసింది కనబడ్తలేదా?" అంది. "కనబడ్తుందమ్మా, చదివిన" అన్నాను నేను, నిజమే చెప్పాను. దానికి కన్నమ్మ ఇంకా నవ్వింది. "చదివిందట" అని నా తొడ మీద చరిచింది. పొద్దున్నుంచీ నన్ను తాకని చెయ్యి.

ఆ నవ్వు ఇంకా పూర్తిగా ఆగకముందే డాక్టరమ్మ బయటికి వచ్చింది. టోపీ తీసి చేత్తో పట్టుకుంది. మా ముఖాలు చూసి ఒక్క క్షణం ఆగింది. "తల్లి బాగానే ఉందమ్మా, భయం లేదు" అంది. తర్వాత ఏం చెబుతుందో ఆమె నిలబడిన తీరులోనే తెలిసిపోయింది. మగబిడ్డ. పేగు మెడకు చుట్టుకుని ఉందట. మేం వచ్చేసరికే గుండె చప్పుడు సన్నగా ఉందట, నెత్తురు రాకముందు కోసినా బతికేవాడని చెప్పలేమట. ఏవేవో చెప్పింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. తలుపు మీద అక్షరాలు కదలకుండా ఉన్నాయి. ని, శ్శ, బ్దం. ఇందాక చదివినప్పుడు వెలిగినట్టు అనిపించిన చోటే ఇప్పుడు ఏమీ లేదు. నవ్వాను. నేను నవ్వినప్పుడు వాడు లోపల ఊపిరి కోసం... నవ్వాను గదా, తిన్నాను గదా, చదివి సంబరపడ్డాను గదా. అన్నీ వేళ కాని వేళ. ఇక కన్నమ్మ అంటుంది, ఈసారి అనాల్సిందే, అనకపోతే నేనే అడిగి అనిపించుకుంటాను అనుకున్నాను. ఊళ్లో కూడా అంటారు. రేపు కొత్త చేసుకునేటప్పుడు పూజారి నా ముందు నుంచి ఆకు తీసేసి పక్కవాళ్లకు పెడతాడు. బతికినన్నాళ్లూ మామిడి పూత వాసన వచ్చినప్పుడల్లా జనం నా ఇంటి వైపు చూస్తారు.

కన్నమ్మ గోడకు తల ఆనించి కళ్లు మూసుకుని ఉంది. కుళాయి కింద బిందె నిండి నీళ్లు అంచు మీది నుంచి కారుతున్నాయి, ఎవరూ తీయడం లేదు. అవతలి గదిలో పసిబిడ్డ మళ్లీ ఏడ్చింది. ఈసారి మేం తల ఎత్తలేదు. నాకు ఆ పొయ్యి వెనక సాయంత్రం గుర్తొచ్చింది, నా అరచేతికి తగిలిన ఆ దెబ్బ. ఇంకా కావాలన్నట్టు తన్నాడు. వాడికి ఈ లోకం నుంచి అందిన రుచి అదొక్కటే. ఉప్పు, కారం, పులుపు, వాళ్ల అమ్మ నవ్వు. నేను కత్తిపీట వాల్చకపోయి ఉంటే అది కూడా అందేది కాదు. ఈ మాట ఎవరికి చెప్పను. ఎవరు వింటారు. చెబితే, ఇంకా సమర్థించుకుంటోంది చూడు అంటారు.

అప్పుడు కన్నమ్మ కళ్లు తెరిచింది. బెంచీ మీది డబ్బాను దగ్గరికి లాక్కుంది. నేను పక్కకు జరుపుతుందేమో అనుకున్నాను, నిన్న టెంకను విసిరినట్టు విసురుతుందేమో అనుకున్నాను. ఆమె వేళ్లు పప్పులో ముంచి ఒక మామిడి ముక్క తీసింది. కాసేపు పట్టుకుని చూసింది. పెదవులు ఏదో గొణిగాయి, అమ్మవారి పేరో, నాకు వినబడని ఇంకేదో మాటో. ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. పులుపుకు ఆమె ముఖమంతా ముడుచుకుంది, ఎడమ కన్ను ఒక్కటే మూసుకుంది, మూసుకున్న ఆ కంటి కొస నుంచి నీళ్లు కారాయి.

"ఏం జేస్తున్నవు వదినా" అన్నాను.

మింగింది. చేతిని కొంగుకు తుడుచుకుంది. "తిన్న" అంది. "ఊళ్లె ఎవలన్న అడిగితె చెప్పు. కొత్తకు ముందే ఇద్దరం తిన్నమని చెప్పు. ఒక్కదానివే తిన్నవని ఎవ్వలు అనొద్దు." ఇంకో ముక్క తీసి నా చెయ్యి పట్టుకుని, మూసి ఉన్న వేళ్లను ఒక్కొక్కటే విప్పి, అరచేతిలో పెట్టింది. "తిను. పిల్లకాడికి పోవాలె, వట్టి కడుపుతోటి ఏడ్వలేం."

తిన్నాను. పుల్లగా ఉంది. బాలి అనే ఆమెను నేను ఎన్నడూ చూడలేదు గానీ పప్పు బాగా చేసింది. బాగుందని లోపల ఒక గొంతు అంది. ఈసారి నేను ఆ గొంతును తిట్టలేదు, ఆనాటి సొరబుర్రలాగా కింద పెట్టేయలేదు. రెండో ముక్క కూడా తిన్నాను. తర్వాత ఇద్దరం లేచి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, నిండిన బిందె పక్కకు తీసి, తలుపు తోసుకుని శ్యామల దగ్గరికి వెళ్లాం.

కొర్సా ముత్తక్క. వయసు రేషన్ కార్డులో యాభై ఐదు, నా లెక్కకు ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. ఇప్పుడు ఉంటున్నది పాల్వంచలో, బిడ్డ శ్యామల ఇంటి వెనక రేకుల గదిలో, వియ్యపురాలు కన్నమ్మతో కలిసి.